శనివారం మోటారు

వీరాస్వామి పోయాడని కబురు వచ్చినప్పుడు నేను వెళ్ళలేకపోయాను. మోకాళ్ళు. ఆ సంగతి అర్థం చేసుకున్నట్టుగా, పెద్దకర్మ అయిన తర్వాత వాళ్ళబ్బాయి శ్రీను తనే బెజవాడ వచ్చాడు. ఆటోలో వచ్చాడు. గోనెసంచిలో చుట్టి తాళ్ళతో కట్టిన పొడుగాటి దాన్నొకదాన్ని వెనక సీట్లో తన పక్కన కూర్చోబెట్టుకుని వచ్చాడు. అతనూ ఆటో అబ్బాయీ చెరోవైపు పట్టుకుని దించుతుంటే ఎదురింటావిడ గేటు దాకా వచ్చి, నోటి మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయింది. "భయపడకండి, మోటారు" అన్నాను. ఆవిడ ముఖంలో కాస్త నిరాశ కనిపించింది.

"పోయేముందు నాన్న ఒకటే మాటండీ అమ్మగారూ. నర్సమ్మగారి మోటారు వాళ్ళింటికి చేర్చెయ్యిరా అని" అన్నాడు శ్రీను, చెమట తుడుచుకుంటూ.

"మాది కాదయ్యా, ఆస్పత్రిది."

"ఆస్పత్రి లేదు గదండీ ఇప్పుడు."

అదీ నిజమే. ఆస్పత్రి ఉన్నచోట ఇప్పుడు కల్యాణమండపం ఉంది. పెళ్ళివారికి మోటారు అప్పగించడం బాగుండదు. అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, మా కోడలు టీ తెచ్చేలోగా తాళ్ళు విప్పాను. సంచి నోరు తెరుచుకోగానే వచ్చింది వాసన: పెట్రోలు, మాడిన నూనె, ఏటి ఒండ్రు, వాటన్నిటి వెనక ఎక్కడో సన్నగా పసుపు. ఆ వాసనకి నాకు ఇరవై రెండేళ్ళ వయసొచ్చేసింది. మోకాళ్ళకి మాత్రం రాలేదు.

మా అమ్మ ఎస్తేరమ్మ, ఉయ్యూరుకు అవతల, కృష్ణ కరకట్టను ఆనుకుని ఉండే చిన్న మిషను ఆస్పత్రిలో నర్సు. ఆస్పత్రి వెనక రేవు. రేవు దాటితే నది, నది మధ్యలో లంక. లంకలో అరటితోటలు వేసేవాళ్ళూ, చేపలు పట్టుకునేవాళ్ళూ ఉండేవాళ్ళు. జ్వరమొచ్చినా, పురుడొచ్చినా వాళ్ళకి వినిపించే మొదటి మాట "శనివారం నర్సమ్మగారు వస్తారుగా" అన్నదే. రోగాలు కూడా శనివారం దాకా ఆగడం నేర్చుకున్నాయని నేననేదాన్ని. అమ్మకి ఆ జోకు నచ్చేది కాదు. ఆగనివి తనకి తెలుసు కాబట్టి.

మా నాన్న పంచదార ఫ్యాక్టరీలో కాటా గుమస్తా. చెరకు బళ్ళు తూచడం ఉద్యోగం, యంత్రాలన్నీ తనకు తెలుసన్నది విశ్వాసం. కాటా మాత్రం యంత్రం కాదా అని వాదించేవాడు. నాయనమ్మకి ఈ రెండు ఉద్యోగాల మీదా పెద్ద గౌరవం లేదు. ఒకళ్ళు డెట్టాల్ కంపుతో వస్తారు, ఒకళ్ళు మడ్డి కంపుతో వస్తారు, మనిషి వాసనతో ఇల్లు చేరేవాళ్ళే లేరని గొణిగేది. ఇక నేను. బెజవాడ కాలేజీలో బీయస్సీ చదివి, ఫిజిక్సులో తప్పి, ఇంట్లో ఉన్నాను. ఊరికే లేను. ఎవరెంత పెద్ద కష్టం చెప్పుకుంటున్నా మధ్యలో ఒక మాట విసిరి దాని గాలి తీసెయ్యడం నా డ్యూటీ. ఈ డ్యూటీకి సెలవుల్లేవు.

మోటారు సంగతి. ఎప్పుడో ఆస్పత్రి పెట్టిన దొరసాని ఒకావిడ ఓడలో తెప్పించుకుని, వెళ్ళిపోతూ ఇక్కడే వదిలేసి పోయిన పాత సరుకు అది. పడవ వెనక చెక్కకి రెండు మరలతో బిగిస్తారు. పైన ఆకుపచ్చ రంగు పెచ్చులూడిన బుర్ర, దానికి వీపు మీద మూటలాగా పెట్రోలు టాంకు, కింద నీళ్ళలోకి దిగే కాలు, కాలి చివర చిన్న రెక్కల చక్రం. పైచక్రానికి తాడు చుట్టి బొంగరానికి లాగినట్టు లాగాలి. దాంతోపాటు వచ్చిన పుస్తకాన్ని నేను పుట్టకముందే చెదలు చదివేశాయి. ఆస్పత్రిలో పెడితే ఎవరెత్తుకుపోతారోనని మోటారు మా ఇంట్లో, ముందుగది బల్ల కింద పడుకునేది. శనివారం తెల్లారగానే వీరాస్వామి వచ్చి దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు భుజానికెత్తుకుని రేవుకు పోయేవాడు. వెనక అమ్మ మందుల పెట్టెతో, ఆ వెనక నేను పెట్రోలు డబ్బాతో. కరకట్ట మీద ఎదురొచ్చేవాళ్ళు ముందు మోటారుకీ తర్వాత అమ్మకీ దారిచ్చేవాళ్ళు.

వీరాస్వామిది లంకే. చేపలు పట్టే కుటుంబం. ఒంటరిగా అయితే చిన్న దోనె మీద ఎలాగో ఏరు దాటేవాడు; నలుగురెక్కే ఆస్పత్రి పడవకి మాత్రం మోటారు ఉండాల్సిందే. వారంలో తక్కిన రోజులు వలతో, శనివారం మాత్రం మా అమ్మతో. అప్పటికి ముప్పై దాటినా పిల్లల్లేరు. అతని భార్య రత్నానికి రెండుసార్లు కడుపు నిలవలేదు. ఆ ఏడు మూడోసారి నిలిచింది. వరదల కాలంలో శనివారాలు ఆగిపోతాయి కాబట్టి శ్రావణం, భాద్రపదం అమ్మ ఆమెను చూడలేకపోయింది. వీరాస్వామి మాత్రం ఏదో పని పెట్టుకుని కట్ట మీదికి వచ్చినప్పుడల్లా కబురు చెప్పేవాడు. "కాళ్ళు కొంచెం నీరు పట్టినయ్యండీ" అన్నాడొకసారి. అమ్మ కూరగాయలు తరుగుతున్నదల్లా కత్తిపీట మడిచేసింది. "కొంచెమంటే ఎంత? చెప్పులు పడుతున్నాయా?" "అది చెప్పులేసుకోదు గదండీ" అన్నాడు. అప్పటినుంచి అమ్మ ఏటి వంక చూసి వరద ఎప్పుడు తగ్గుతుందా అని లెక్కలు వేసుకుంటూనే ఉంది.

ఆ వరదల కాలంలోనే మా ఇంట్లో ఇంకో సమస్య ముదిరింది. టాంకు మూత కింద బెండు వాషరు ఒకటి ఉండేది, దొరసాని నాటిది. అది పగిళ్ళు బారి, మోటారు ఊరికే పడుకుని ఉన్నా పెట్రోలు వాసన ఇల్లంతా తిరిగేది. బల్ల పక్కనే నాయనమ్మ ట్రంకుపెట్టె. అందులో ఆదివారం చీరలు. ఒక ఆదివారం చర్చి నుంచి తిరిగొచ్చి ఆవిడ గుమ్మంలోనే కూలబడింది. "పక్కన కూర్చున్నావిడ అడుగుతుందిరా, బంకులో పనికి కుదిరావా వదినా అని! ఇక ఈ ఇంట్లో నేనన్నా ఉండాలి, అదన్నా ఉండాలి."

"అదైతే శనివారం బయటికి పోతుంది నాయనమ్మా" అన్నాను.

నాన్న మాత్రం దీన్ని తనకొచ్చిన అవకాశంగా తీసుకున్నాడు. ట్రాక్టరు ట్యూబు ముక్క తెచ్చి, మూత పెట్టి గీత గీసి, అమ్మ కత్తెరతో గుండ్రంగా కోసి, బెండు పీకేసి ఆ రబ్బరు వాషరు వేశాడు. వాసన ఆగిపోయింది. పెట్రోలుకి రబ్బరు ఉబ్బి, రోజురోజుకీ మరీ గట్టిగా పట్టింది. "చుక్క పోదు, గాలి చొరదు" అని వచ్చినవాళ్ళందరికీ మూత చూపించేవాడు. పెళ్ళిచూపుల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూపించలేదు.

వరద తీసే వేళకి దసరా వచ్చింది. మాకు దసరా లేదు, కానీ మోటారుకుంది. ఏటేటా ఆ పండక్కి వీరాస్వామి మా ఇంటికొచ్చి, మోటారుని అరుగు మీదికి తెచ్చి, తడిగుడ్డతో తుడిచి, పసుపూ గంధం కలిపి రాసి, కుంకం బొట్టు పెట్టి, కొబ్బరికాయ వీధిలో కొట్టుకునేవాడు. మా ఇంట్లో ఎవరి ముఖానా లేని బొట్టు దానికొక్కదానికే ఉండేది. "క్రైస్తవులింట్లో ఉండే మోటారుకి బొట్టేమిట్రా అబ్బాయ్" అని నాయనమ్మ ఏటేటా అనేది. "మోటారు మీదేనండీ, నీళ్ళు గంగమ్మతల్లివి గదండీ" అని అతనూ ఏటేటా చెప్పేవాడు. ఆ జవాబుతో ఇద్దరికీ పేచీ ఉండేది కాదు. బొట్టు పెట్టే చోటు కూడా మారేది కాదు: టాంకు మూత నడిమధ్య. అక్కడ శనగగింజంత బొడిపె ఒకటి పైకి లేచి ఉండేది. నుదురంటూ ఉంటే అదే నుదురనిపించేలా ఉండేది. ఆ ఏడు రత్నం కోసం కాబోలు, పసుపుగంధం మామూలుకన్నా మందంగా పెట్టాడు. నాన్న కొత్త వాషరు చూపించాడు. ఒకరి పనిని ఒకరు మెచ్చుకున్నారు.

తర్వాతి శనివారం మోటారుకి జబ్బు చేసింది.

రేవులో మొదటి లాగుకే అందుకుంది. మేం సంతోషించాం. కొంతదూరం చక్కగా పోయింది. ఏటి నడుమకొచ్చేసరికి దాని గొంతు మారింది. ఉన్నట్టుండి గుర్రుమని పైకి లేవడం, అంతలోనే నీరసంగా కిందికి జారడం, మళ్ళీ లేవడం, చివరికి ఒక పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోవడం. వీరాస్వామి మూత తీసి చూశాడు. పెట్రోలు నిండుగా ఉంది. మూత బిగించి లాగితే మళ్ళీ అందుకుంది. మళ్ళీ కొంతదూరం పోయి మళ్ళీ అదే వరస. అలా ఆగుతూ సాగుతూ, మధ్యలో ప్రవాహానికి కొట్టుకుపోతూ, లంకకు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది. అమ్మ రత్నాన్ని చూసేంత వేళే చిక్కింది. బి.పి. కొంచెం ఎక్కువుందనీ, ప్రతి శనివారం చూడాలనీ చెప్పి వచ్చేసింది. ఆ మరుసటి శనివారమైతే లంక చేరనే లేదు. నది మా పడవను కిందికి లాక్కుపోయి మైలు దూరాన ఇసుకమేట మీద కూర్చోబెట్టింది. "ఇలాగే ఓపిక పడితే హంసలదీవిలో దిగి సముద్రం చూసిరావచ్చు" అన్నాను. మందుల పెట్టె ఒళ్ళో పెట్టుకుని అమ్మ లంక వైపే చూస్తూ కూర్చుంది.

సంగతి డాక్టరమ్మగారికి తెలిసింది. ఆవిడ మంచిదే. అందుకే మొహమాటం లేకుండా చెప్పింది. "ఎస్తేరమ్మా, మనుషుల్ని బతికించడానికి పంపి మనుషుల్ని ఏట్లో పోగొట్టుకోలేను. వచ్చే శనివారం ఒక్కటీ చూద్దాం. మళ్ళీ నడుమ ఆగిందంటే శనివారాలు ఆపేద్దాం. నువ్వు వార్డు చూసుకో. లంకవాళ్ళు వాళ్ళ తిప్పలు వాళ్ళు పడి వస్తారు."

"రానివాళ్ళో అమ్మా?" అంది అమ్మ.

పరాయి ఊరి పురుడు వద్దని వీరాస్వామి తల్లి పంతం పట్టి కూర్చుందనీ, మా అమ్మ మాట తప్ప ఆ ఇంట్లో ఇంకే మాటా చెల్లదనీ డాక్టరమ్మకీ తెలుసు.

ఆ సాయంత్రం అమ్మ ఇంటికొచ్చి, చీరకొంగు బొడ్లో దోపుకుని, బల్ల కిందినుంచి మోటారుని బయటికి లాగింది. "శనివారం లోపల ఇది బాగుపడాలి" అంది. ప్రార్థన చేస్తున్నట్టు కాదు, వార్డుబాయికి పని చెప్తున్నట్టు. ఆ వారం మా ఇంట్లో పొయ్యి మీద అన్నం, కింద మోటారు, రెండూ ఒకేసారి ఉడికాయి.

నాన్న అధ్యక్షత వహించాడు. వీరాస్వామి లంకకు పోకుండా మా అరుగు మీదే పడుకున్నాడు. మొదటి అనుమానం ప్లగ్గుల మీద. తీసి చూస్తే బొగ్గులా ఉన్నాయి. నాన్న వాటిని తన పాత పళ్ళబ్రష్షుతో తోమాడు. అది పాతదో కొత్తదో మర్నాడు ఉదయం దాకా తేలలేదు. నిప్పురవ్వ వస్తుందో లేదో చూడటానికి ప్లగ్గు చేత్తో పట్టుకుని నన్ను తాడు లాగమన్నాడు. లాగాను. ఆయన వేసిన కేకకి పక్కవీధిలో కుక్కలు లేచాయి. "నిప్పు బాగా వస్తోంది" అని ఆయనే, చెయ్యి విదిలించుకుంటూ, రిపోర్టు ఇచ్చాడు.

రెండో అనుమానం పెట్రోలులో నీళ్ళు కలిశాయని. అమ్మ ఆస్పత్రి గాజుగుడ్డ నాలుగు మడతలు వేసి అంతా వడగట్టింది. ఒక చీమ దొరికింది. తర్వాత నూనె పాలు ఎక్కువైందని నాన్న, తక్కువైందని వీరాస్వామి. అమ్మ ఇద్దర్నీ అవతలికి జరగమని, మందులు కొలిచే ఔన్సు గ్లాసుతో తనే కలిపింది. మూడోది కార్బురేటరు. దాన్ని ఊడదీసి, ముక్కలన్నీ ఆస్పత్రి కిడ్నీ ట్రేలో పేర్చి, సన్నరంధ్రాల్లో ఇంజక్షను సూదిలో దూర్చే తీగ పెట్టి శుభ్రం చేసి, ఆపైన అలవాటు కొద్దీ స్టెరిలైజరులో ఉడకబెట్టబోయింది. "సెప్టిక్ అవుతుందా అమ్మా?" అని అడిగాను. "నోరుమూసుకుని ఆ మర అందుకో" అంది. శుక్రవారానికల్లా ప్రపంచంలో అంత శుభ్రమైన మోటారు ఇంకోటి ఉండి ఉండదు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేశారు. వీరాస్వామి మళ్ళీ కొబ్బరికాయ కొట్టాడు. నాయనమ్మ కొబ్బరి ముక్కలు తీసుకుని పచ్చడి చేసింది. ఆవిడకి వస్తువు మీద పట్టింపు లేదు.

శుక్రవారం సాయంత్రం పరీక్ష. దొడ్లో గేదెలు తాగే గాబులో నీళ్ళు నింపి, గట్టుకి చెక్క బిగించి, మోటారుని అందులోకి దించాం. పెట్రోలు ఎంత తాగుతుందో చూస్తానని నాన్న మూత తీసి చేతిలో పట్టుకుని టాంకులోకి తొంగి చూస్తూ నిలబడ్డాడు. వీరాస్వామి లాగాడు. అందుకుంది. ఒక్క తొట్రుపాటు లేదు, ఎక్కడా గొంతు జారలేదు. గాబులో నీళ్ళన్నీ దొడ్లోకొచ్చేదాకా ఒకే శ్రుతిలో పాడింది. నాన్న మూత పైకెత్తి పట్టుకుని, పందెం గెలిచినవాడిలా అందరి వంకా చూశాడు. గేదె మాత్రం ఖాళీ గాబు వంక చూసింది.

శనివారం పొద్దున్న రేవుకు నాన్న కూడా వచ్చాడు. ఫ్యాక్టరీలో ఇంకా చెరకు క్రషింగు మొదలు కాలేదు కాబట్టి సెలవు దొరికింది. డాక్టరమ్మ ఆస్పత్రి వెనక వరండాలో నిలబడి ఉంది. చెయ్యి ఊపలేదు, ఊరికే చూస్తోంది. బయల్దేరాం. రేవు దాటాం. రెల్లుదుబ్బులు దాటాం. వీరాస్వామి పెదవులు కదులుతున్నాయి, నాన్న పెదవుల మీద చిరునవ్వు ఉంది, అమ్మ చెవి మోటారు మీద ఉంది. ఏటి నడుమకు రాగానే, గుర్ర్... గు... గుర్ర్ర్...

"వచ్చింది" అన్నాడు వీరాస్వామి.

"నిన్న అంత బాగా నడిచిందే!" అని నాన్న ఆశ్చర్యంతో లేచి నిలబడబోయాడు. పడవ ఒరిగింది. కూర్చున్నాడు.

మోటారు ఆగింది. నిశ్శబ్దం. పడవ మెల్లగా ముక్కు తిప్పుకుని కిందికి జారడం మొదలుపెట్టింది. వీరాస్వామి గడ వేసి చూశాడు, అడుగు అందలేదు. తెడ్డు అందుకున్నాడు. "ఇక తిప్పేద్దామండీ నర్సమ్మగారూ, ఇక్కణ్ణించైతే మన రేవే దగ్గర" అన్నాడు. అటుపక్క లంకలో ఉన్నది అతని భార్యే. ఆ మాట అనడానికి అతనికెంత కష్టమైందో ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు నాకు తెలిసినదల్లా, ఏదో ఒకటి అనకపోతే అందరూ ఏడ్చేస్తారని.

"దీనికి సిగ్గూ శరం లేవు నాన్నా" అన్నాను. "నోరు తెరిచి పెడితే గాబులో పాటలు పాడింది. నోరు మూస్తే ఏట్లో అలుగుతుంది. మూత తీసి పరామర్శిస్తే మళ్ళీ లేస్తుంది. అచ్చం నాయనమ్మే."

వీరాస్వామి మూత తియ్యబోతున్నాడు. "ఆగు" అంది అమ్మ. నా వంక తిరిగింది. "ఏమన్నావ్?"

"నాయనమ్మలాగా అన్నాను. ఆవిడతో చెప్పకు."

"అది కాదు. నోరు తెరిచి పెడితే అన్నావు." అమ్మ వెనక్కి జరిగి టాంకు మీదికి చెవి వంచింది. "వీరాస్వామీ, ఇప్పుడు తియ్యి. మెల్లగా. కొంచెంగా."

మూత తిరిగింది. స్స్స్ మని సన్నని చప్పుడు. ఎవరో పళ్ళ సందునుంచి ఊపిరి లోపలికి పీల్చినట్టు. వారాలుగా ఎన్నిసార్లు ఆ మూత తీశామో. ప్రతిసారీ మా మాటల హోరులో ఆ చప్పుడు మునిగిపోయింది. ఆ నిశ్శబ్దంలో మాత్రం అందరికీ వినబడింది.

"సెలైను బాటిల్" అంది అమ్మ.

నాన్న ఆవిడ నుదురు ముట్టుకుని చూడబోయాడు.

"అబ్బ, ఉండండి! గాజు బాటిల్ తలకిందులుగా కడతామా? గొట్టం ఒక్కటీ గుచ్చి వదిలేస్తే కాసేపు పోసి ఆగిపోతుంది. లోపలికి గాలి పోతేనే నీళ్ళు కిందికి దిగేది. అందుకని పక్కన ఇంకో సూది గుచ్చుతాం, గాలి సూది. అది మూసుకుపోతే పేషెంటుకి చుక్క ఎక్కదు. దీనికీ అంతే. పెట్రోలు దిగట్లేదు, గాలాడట్లేదు. దీని గాలి సూది ఏది?"

దాన్నే మా పుస్తకంలో వాతావరణ పీడనం అంటారు. నేను తప్పిన పేపరే.

నాన్న మూత లాక్కుని తిప్పి చూశాడు. లోపలివైపు, సరిగ్గా నడుమ, గుండుసూది పట్టేంత బెజ్జం. పైకి తిప్పాడు. సరిగ్గా నడుమ, శనగగింజంత బొడిపె. దాని మీద, ఏళ్ళ తరబడి నూనెతో తడిసి సిమెంటులా గట్టిపడిన పసుపూ గంధం పొరలు, వాటి మీద ఈ ఏటి కొత్త పొర, దాని మీద ఎర్రటి బొట్టు.

వీరాస్వామి తెడ్డు వదిలేశాడు. "నా చేతుల్తో... నా చేతుల్తోనే దాని గొంతు పిసికానా నర్సమ్మగారూ! గంగమ్మా! అది నీళ్ళ మీద నిలవాలని గదా నేను..." అని తల కొట్టుకోబోయాడు.

"తల తర్వాత, ముందు తెడ్డు పట్టుకో. కొట్టుకుపోతోంది" అన్నాను. పట్టుకున్నాడు.

"అదే చెప్తున్నా, బొట్టే!" అన్నాడు నాన్న, ఇంకా ఏమీ చెప్పకుండానే.

"ఈ బొట్టు ఏటా ఉంటుందండీ గుమస్తాగారూ" అన్నాడు వీరాస్వామి, కళ్ళు తుడుచుకుంటూనే, కాస్త గొంతు పెంచి. "ఏ ఏడూ ఆగలేదండీ."

ఒక్క క్షణం అందరూ నాన్న చేతిలోని మూత వంక చూశారు. ఉబ్బిన నల్లటి రబ్బరు వాషరు మెరుస్తోంది. చుక్క పోదు, గాలి చొరదు. ఇన్నేళ్ళూ నుదుటి బెజ్జం మూసుకుపోయినా, పగిలిన బెండు సందుల్లోంచి ఆ మోటారు గాలి పీల్చుకుంటూ బతికిందన్నమాట. నాన్న ఆ సందులు మూసేశాడు. ఆయన మెల్లగా మూత అమ్మ చేతికిచ్చి, నది అందాలు చూడసాగాడు.

"ఇద్దరూ ప్రేమగానే చేశారు, ఇక చాలు" అంది అమ్మ. మందుల పెట్టె తెరిచి లావుపాటి సూది ఒకటి తీసింది. అయితే వెంటనే గుచ్చలేదు. మూతనీ సూదినీ వీరాస్వామికి అందించింది. "నువ్వు పెట్టిన బొట్టు. నువ్వే తియ్యాలి" అంది. తెడ్డు నేను అందుకున్నాను. అతను కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, వేలికొసతో బొట్టు ముట్టి కళ్ళకద్దుకుని, ఆ బొడిపె నడుమ సూది గుచ్చి తిప్పాడు. పసుపు పొడి రాలింది. మూత ఎత్తి ఆకాశానికి పట్టుకుని చూశాడు. బెజ్జంలోంచి ఆవగింజంత వెలుగు కనబడింది.

మూత బిగించి తాడు లాగాడు. అందుకుంది. గొంతు జారే చోటు వచ్చింది, పోయింది. దిగువన దూరంగా ఇసుకమేట కనబడింది, కనుమరుగైంది. నాకూ ఏ జోకూ తట్టలేదు. మోటారు ఒకే శ్రుతిలో లంక దాకా పాడుకుంటూ పోయింది.

రత్నం కాళ్ళు అరటిబోదెల్లా ఉన్నాయి. తల పగిలిపోతోందనీ, కళ్ళ ముందు మిణుగురులు కనిపిస్తున్నాయనీ రెండు రోజులుగా అంటోందట; శనివారం నర్సమ్మగారు వస్తారుగా అనుకున్నారట. అమ్మ బి.పి. రెండుసార్లు చూసి పరికరం మడిచేసింది. అత్తగారు గుమ్మానికి అడ్డం కూర్చుని, ఏరు దాటించి పురుడు పోయించుకున్న వంశం కాదు మాది అంది. "వంశం ఉండాలంటే లేవండి పెద్దమ్మగారూ" అంది అమ్మ. గొంతు పెంచలేదు. ఆవిడ లేచింది. లేవడమే కాదు, దుప్పటి పట్టుకుని ముందు తనే పడవెక్కి కూర్చుంది.

తిరుగుప్రయాణంలో నాన్న దారి పొడుగునా మూత మీద గొడుగు పట్టుకుని కూర్చున్నాడు, ఏమీ పడకుండా. ఎండలో రత్నం కూర్చుంది, గొడుగు నీడలో మోటారు కూర్చుంది. ఆ సంగతి నేను ఎత్తిచూపేదాకా ఆయనకి తట్టలేదు. రత్నం, అంత నొప్పిలోనూ, నవ్వింది. రేవులో డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉంది. పడవ ఆగకముందే స్ట్రెచరు తెమ్మని కేకేసింది. శనివారాలు ఆపే మాట మళ్ళీ ఎత్తలేదు. కొన్నాళ్ళకి, నెలలు నిండకముందే, పిల్లికూనంత మగపిల్లాడు పుట్టాడు. అమ్మ వాణ్ణి దూదిలో చుట్టి, వేడినీళ్ళ సీసాల మధ్య పెట్టి సాకింది. నాన్న రబ్బరు వాషరు పీకేసి, కొత్త బెండు తెచ్చి వేశాడు. నాయనమ్మ ట్రంకుపెట్టె వంటింట్లోకి మారింది.

ఇప్పుడు లంకకి వంతెన ఉంది. ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. శనివారం దాకా ఎవరూ ఆగనక్కర్లేదు. సెలైను బాటిళ్ళు కూడా ప్లాస్టిక్‌వి వచ్చాయి. లోపలి నీళ్ళు తగ్గేకొద్దీ తమంతట తామే నొక్కుకుపోతాయి, గాలి సూది అవసరమే లేదు. పోయినేడు నన్ను మోకాళ్ళ ఆపరేషనుకని పడుకోబెట్టినప్పుడు నర్సమ్మాయిని అడిగాను, గాలి సూది అంటే తెలుసా అని. తెలీదంది. తెలియకపోవడమే మంచిదనుకున్నాను. అయినా ఆ బాటిల్ వంక చాలాసేపు చూస్తూ పడుకున్నాను, చప్పుడు వస్తుందేమోనని. రాలేదు.

శ్రీను టీ తాగి గ్లాసు కింద పెట్టాడు. దూదిలో చుట్టిన పిల్లికూనకి ఇప్పుడు బట్టతల, బొజ్జ. గోనెసంచి పూర్తిగా విప్పి మోటారుని గోడకి ఆనించాను. టాంకు మూత మీద బొట్టుంది. మొన్న దసరాదే అయ్యుండాలి, ఎరుపు ఇంకా వెలియలేదు. అయితే బొడిపె మీద కాదు. బొడిపె చుట్టూ పసుపూ గంధంతో గుండ్రంగా చిన్న గట్టు కట్టి, దాని మీద కుంకం చుక్కలు పెట్టి, నడిమధ్య చోటు శుభ్రంగా వదిలేశారు. మూతకి నల్లదారంతో ఒక సూది వేలాడుతోంది. లావుపాటిది. మొదట్లో తెల్లగా ఉండేదే.

"ఈ సూది ఏమిటి శ్రీనూ?"

"అది పూజ సూదండీ" అన్నాడు మామూలుగా. "బొట్టు పెట్టాక ఆ సూదితో మధ్యలో ఒకసారి పొడిచి, మూత ఎత్తి ఆకాశం చూడాలండీ. నడవని మోటారే అయినా నాన్న ఏ దసరాకీ మానలేదు. ఎందుకు నాన్నా అంటే, అలాగే చెయ్యాలిరా అనేవాడు. మా పిల్లలు కూడా చేస్తారండీ. మొన్నటిది మా చిన్నదే పెట్టింది."

అలాంటి మాట దొరికితే వదిలే మనిషిని కాను నేను. ఆ పూట వదిలేశాను. కుర్చీ దగ్గరికి లాక్కుని, "కూర్చో, ఆ పూజ ఎలా పుట్టిందో చెప్తాను. అప్పటికి నువ్వు కూడా లంకలోనే ఉన్నావు, కనబడకుండా" అని మొదలుపెట్టాను. అంతా విన్నాడు. వాళ్ళమ్మ పడవలో నవ్విందన్న చోట మాత్రం మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను.

వెళ్ళేముందు లేచి, మూత ఒకసారి చేత్తో కదిపి చూశాడు. "వదులుగా ఉందండీ అమ్మగారూ. బిగించమంటారా? మొన్న పూజకని పోసిన పెట్రోలు లోపల కొంచెం ఉంది, ఇల్లంతా వాసనొస్తుందేమో."

"రానియ్యి" అన్నాను.